ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే స్టేషన్

సంపాదకుల వారికి నమస్కారం.

లైంగిక దాడి వార్తలు ఏ పత్రికలోనైనా 'బాధితురాలి ఫిర్యాదు మేరకు పోలీసులు కేసు నమోదు చేశారు' అన్న వాక్యంతోనే ముగుస్తాయి. అది చదివీ చదివీ, కేసు పెట్టాకే వైద్యం అనే నమ్మకం జనంలో పాతుకుపోయింది. కొన్ని ఆసుపత్రుల క్యాజువాలిటీలో సైతం 'ముందు స్టేషన్ నుంచి లెటర్ తెండి' అని తిప్పి పంపేస్తుంటారు. కేసు పెట్టాలా వద్దా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడేలోపు మూడు రోజులు గడిచిపోతాయి. పోకూడనివి ఆ మూడు రోజులే.

హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుకావాలి. మొదటి రెండు గంటల్లోనే పడితే మరీ మంచిది. గడువు దాటి వెళితే డాక్టర్లు సాధారణంగా ఇవ్వరు, ఇచ్చినా ఫలితం ఉండదు. ఒకసారి మొదలుపెడితే 28 రోజులూ వాడాలి. వికారం, నీరసం వల్ల చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఆ మాట డాక్టరుకు చెబితే వికారం తగ్గే మందు కూడా రాస్తారు. గర్భం రాకుండా లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మోతాదు కూడా 72 గంటల్లోపే వేసుకోవాలి. 120 గంటల వరకు ఇవ్వొచ్చు గానీ ఆలస్యమైన కొద్దీ పనితనం తగ్గుతుంది. వేసుకున్న రెండు మూడు గంటల్లో వాంతయితే మళ్లీ వేసుకోవాలి. మూడు వారాలకు గర్భ పరీక్ష చేయించుకోవాలి. హెపటైటిస్ బి టీకా, గాయాలుంటే ధనుర్వాతం ఇంజెక్షను అడిగి మరీ వేయించుకోవాలి.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ ప్రకారం అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రే కాదు, ప్రైవేటు ఆసుపత్రి కూడా తక్షణం ఉచితంగా చికిత్స చేయాలి. కాదంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 200వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆసుపత్రి తన వంతుగా పోలీసులకు సమాచారం ఇస్తుంది. అంతమాత్రాన 18 ఏళ్లు నిండిన మహిళ ఫిర్యాదు చేసి తీరాలని లేదు. వద్దంటే ఆ మాటే రాయించి సంతకం తీసుకుంటారు, వైద్యం మాత్రం ఆగదు. చికిత్సకు, పరీక్షకు, నమూనాల సేకరణకు వేర్వేరుగా ఒప్పుకోవచ్చు, వేర్వేరుగా కాదనవచ్చు. యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష' చేయబోతే నిరాకరించండి. దాన్ని చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం వారిపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి.

ఇక ఆధారాల సంగతి. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది, అదీ మంచి ఉద్దేశంతోనే. ఇంట్లో వాళ్లు ముందుగా స్నానం చేయిస్తారు, బట్టలు ఉతికేస్తారు. వీలైతే స్నానం, పళ్లు తోముకోవడం పరీక్షయ్యే దాకా ఆపండి. ఆ పూట వేసుకున్న బట్టలు, లోదుస్తులతో సహా, తడిగా ఉంటే నీడన ఆరనిచ్చి ఒక్కోటి విడిగా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలిచి బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. స్నానం చేసేశామని, బట్టలు ఉతికేశామని వెళ్లడం మానుకోవద్దు. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం 96 గంటల్లోపు వస్తే నమూనాలు తీయాల్సిందే. కమిలిన గాయాలు రెండో రోజుకో మూడో రోజుకో పైకి తేలుతాయి, కాబట్టి మళ్లీ చూపించి రాయించుకోవాలి. ఫోన్లో వచ్చిన బెదిరింపు మెసేజీలు చెరిపేయొద్దు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి.

గొంతు నులిమి ఉంటే పైకి మచ్చ లేకపోయినా అశ్రద్ధ చేయకూడదు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, కళ్లలో ఎర్రని చుక్కలు, కాసేపు స్పృహ తప్పడం, తెలియకుండా మూత్రం పోవడం: ఇందులో ఏది ఉన్నా మెడ రక్తనాళాలకు దెబ్బ తగిలిందేమో చూడమని అడగాలి. పక్షవాతం కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. నులిమిన సంగతి డాక్టరు అడగకపోవచ్చు, మనమే చెప్పాలి.

ఫిర్యాదుకు సిద్ధపడితే ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు. 'మా పరిధి కాదు' అనే మాట చెల్లదు, పరిధితో పని లేకుండా రాసే జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. ఇలాంటి కేసుల్లో వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు ఉచితం. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోమంటే ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపి, రసీదు దాచుకోండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది, ఫోను 15100. పరిహారానికి దరఖాస్తూ అక్కడే. వెంట వచ్చే మనిషి లేకపోతే బాధిత మహిళలకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రానికి ఫోన్ చేయొచ్చు. ప్రాణభయం ఉంటే అన్నిటికన్నా ముందు 112.

మీకు మా విన్నపం ఒకటే. ఇలాంటి వార్త కింద ప్రతిసారీ రెండు పంక్తులు వేయండి: '72 గంటల్లోపు ఏ ఆసుపత్రికైనా వెళ్లవచ్చు, పోలీసు లెటర్ అక్కర్లేదు, వైద్యం ఉచితం. సహాయానికి 181, పిల్లలకు 1098.' నిందితుడి చదువూ ఉద్యోగం వివరాలకు పెట్టే జాగాలో అది సరిపోతుంది.

- బాధిత మహిళల సహాయ కార్యకర్తలు