కార్డు చీటీ మీద కోత కూడా కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

పదివేల రూపాయల సామాను కొని కార్డు ఇస్తే దుకాణదారుడు రెండు శాతం అదనంగా అడిగాడని, ఇది దోపిడీ కాదా అని ఒక పాఠకుడు ఈ మధ్య మీ పత్రికకు రాశారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. డెబిట్ కార్డు మీద పడే రుసుమును కొనుగోలుదారు నెత్తిన వేయకూడదని రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరులోనే చెప్పింది. తెనాలిలో మాది చిన్న స్టీలు సామాను దుకాణం. ఒకప్పుడు నేనూ అలా అడిగినవాడినే. ఆ తప్పు ఒప్పుకుంటూనే, గల్లాపెట్టె ఇవతలి నుంచి కనిపించేది కూడా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి నెలలో మా దుకాణానికి కార్డు మిషను వచ్చింది. అప్పట్లో కార్డు గీకడమే. గీత అరిగిపోయిన కార్డును చొక్కాకు తుడిచి, నాలుగుసార్లు గీకితే ఒకసారి పలికేది. వెనకున్న ఆ నల్లగీతలోని సమాచారం ఎప్పుడూ ఒకటే కాబట్టి దొంగ మిషనులో ఒక్కసారి గీకినా నకలు కార్డు తయారు చేసేవారు. ఇప్పటి కార్డుల్లో ఉండే చిప్పు అలా కాదు, ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతాన్ని పుట్టిస్తుంది. పాత గీత కార్డులు మార్చుకోవడానికి 2018 డిసెంబరు 31 గడువు పెట్టినప్పుడు మేం విసుక్కున్నాం గాని, ఇప్పుడు ఆలోచిస్తే అది మంచి పనే. మనుషుల అలవాట్లు మాత్రం అంత తొందరగా మారవు. కార్డు కవరు మీదే పిన్ రాసుకుని వచ్చే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంకెలు పైకి చదివి "నువ్వే నొక్కు నాయనా" అంటారు. నేను మిషనును వాళ్ళ వైపు తిప్పి, తల పక్కకు తిప్పుకుని, పైఅరలో బిందెలు లెక్కపెట్టుకుంటాను.

ఇక కోత సంగతి, అంటే కార్డు బిల్లు మీద బ్యాంకు మా దగ్గర పట్టుకునే రుసుము. పదివేల రూపాయల బిల్లే తీసుకుందాం. రూపే డెబిట్ కార్డు పెడితే పదివేలూ నా ఖాతాలో పడతాయి, 2020 జనవరి నుంచి దాని మీద రుసుము లేదు. వీసా, మాస్టర్‌కార్డు లాంటి వేరే డెబిట్ కార్డయితే, ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటని నా లాంటి వ్యాపారికి 0.40 శాతం మించకూడదు, అంటే 40 రూపాయలు. క్రెడిట్ కార్డుకు అలాంటి పరిమితి లేదు. నా ఒప్పందం ప్రకారం రెండు శాతం, అంటే 200 రూపాయలు, దాని మీద జీఎస్టీ మరో 36. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని దుకాణం కనుక ఆ 36 తిరిగి రాబట్టుకునే దారి నాకు లేదు. స్టీలు కిలోల లెక్కన అమ్మే సరుకు. పక్క దుకాణం వాడు కిలోకు ఐదు రూపాయలు తగ్గిస్తే బేరం అటు పోతుంది. అలాంటి చోట 236 రూపాయలంటే ఆ బిల్లు మీద మిగిలేదాంట్లో మూడో వంతు. చిప్పు కార్డులు వచ్చి చేతికి చిప్ప ఇచ్చాయని మా వీధిలో ఊరికే అనరు.

రుసుము ఉండకూడదని నేను అనడం లేదు. మిషను, సిమ్ము, బ్యాంకుల మధ్య లెక్కలు, మోసం జరిగితే పూచీ, వీటన్నిటికీ ఖర్చవుతుంది. నా బాధల్లా ఆ బిల్లు మీద ఎంత పోయిందో అప్పటికప్పుడు నాకు తెలియకపోవడం. మర్నాడు అన్ని బిల్లుల డబ్బూ ఒకే మొత్తంగా, కోతలు పోను, ఖాతాలో పడుతుంది. నెలాఖరున సన్న అక్షరాల ఇంగ్లీషులో ఒక పట్టిక మెయిలులో వస్తుంది. నాకు ఆ పట్టిక కన్నా పంచాంగం సులువుగా అర్థమవుతుంది.

ఎనిమిది నెలల క్రితం మా కోడలు ఓపికగా కూర్చుని ఆ పట్టికలన్నీ వరసగా చూసింది. 0.40 శాతం తీయవలసిన ప్రతి డెబిట్ కార్డు బిల్లు మీదా 0.90 శాతం తీస్తూ వచ్చారు. అది 20 లక్షలు దాటిన వ్యాపారుల రేటు. మిషను ఇచ్చిన నాటి దరఖాస్తులో ఎవరో నన్ను పెద్ద వ్యాపారిని చేసి పెట్టారు! బ్యాంకు శాఖకు వెళితే మిషను కంపెనీకి ఫోను చేయమన్నారు. కంపెనీ వాళ్ళు బ్యాంకునే అడగమన్నారు. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తామని, దాని ఫోను నంబరు 14448 తో సహా కాగితం మీద రాసి ఇచ్చాక గాని ఎవరూ కదల్లేదు. రేటు సరిచేశారు. పాత డబ్బులో కొంత వచ్చింది, కొంత ఇంకా రావాలి. పోయినది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ లెక్క చూసే కోడలు అందరి ఇళ్ళలో ఉండదు కదా.

మా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దానికి తూనికలు కొలతల శాఖ వారు ఏటా ముద్ర వేయాలి. ముద్ర లేకపోతే జరిమానా. గంగాళం కాటా మీద పెట్టినప్పుడు అంకె కొనేవారికి కనిపించాలి, నేను దాన్ని నా వైపు తిప్పుకుంటే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. దాని పక్కనే ఉన్న కార్డు మిషను నా డబ్బును తూస్తోంది, దాని ముల్లు మాత్రం నాకు కనబడదు. పెట్టినది డెబిట్ కార్డో క్రెడిట్ కార్డో చిప్పు చదవగానే మిషనుకు తెలుస్తుంది. నా రేటు బ్యాంకు దగ్గర ఉండనే ఉంది. అలాంటప్పుడు దుకాణదారుడి చీటీ మీద "కార్డు రకం ఇది, శాతం ఇంత, కోత ఇన్ని రూపాయలు" అని ఒక వరస అచ్చు వేయడానికి అడ్డమేమిటి? రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేయాలి. నెలవారీ పట్టిక తెలుగులోనూ ఇవ్వాలి. ఆ చీటీల మీద అచ్చు నాలుగు నెలలకు వెలిసిపోతుంది, కొనుగోలుదారు ఎవరైనా ఆ చెల్లింపు తాను చేయలేదంటే చూపించడానికి మా దగ్గర తెల్లకాగితం మిగులుతుంది. అదింకో లేఖ.

యూపీఐ ఉండగా ఈ గొడవంతా ఎందుకు, మిషను తిరిగి ఇచ్చేయమని మా వాడు అంటాడు. రోజువారీ గిన్నెలూ గరిటెలకు మా దుకాణంలోనూ యూపీఐనే. కానీ మాఘమాసంలో పెళ్లి సారె సామాను కొనడానికి వచ్చేవారి లెక్క వేరు. అప్పటికే బంగారానికీ బట్టలకూ నగదు అయిపోయి ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు క్రెడిట్ కార్డు తీస్తాడు. మా దగ్గర కార్డు చెల్లదంటే ఆ బేరం పోయినట్టే.

ఆ పాఠకుడికి ఒక మాట. ఎప్పుడైనా తెనాలి వస్తే మా దుకాణానికి రండి. ఏ కార్డు ఇచ్చినా రూపాయి అదనంగా అడగను. ఆ బిల్లు మీద నాకు ఎంత కోత పడిందో మాత్రం అడగకండి, నెలాఖరు దాకా నాకూ తెలియదు.

ఇట్లు,
ఒక స్టీలు సామాను వ్యాపారి,
తెనాలి