అరగంట ఆగి అద్దం చూడు

చిన్నా,

ఆదివారం వీడియో కాల్‌లో కెమెరా ఆపేసి మాట్లాడావు. నెట్ బాగాలేదన్నావు. నెట్ బాగానే ఉంది, నీ మాట ఒక్కచోట కూడా తెగలేదు. మొహం నిండా మొటిమలొచ్చాయని చెల్లితో అన్నావట. నువ్వు పంపిన ఫొటో అది నాకు చూపించింది, దాని మీద కోప్పడకు.

నిజం చెప్పనా, ఆ ఫొటోలో నీ మొటిమల కన్నా వెనకున్న షెల్ఫ్ చూసే ఎక్కువ కంగారుపడ్డాను. లెక్కపెట్టాను, పదకొండు. రెండు ఫేస్‌వాష్‌లు, ఒక స్క్రబ్, టోనర్, మూడు సీరమ్‌లు, ఇంకా ఏవేవో. చివర మూలకి ఒరిగి ఒక చిన్న తెల్ల ట్యూబు. అదేంటని ఫోన్‌లో అడిగితే "ఏదో క్రీమ్‌లే అమ్మా" అని దాటేశావు. దాని సంగతి చివర్లో చెప్తాను. ఫోన్‌లో అయితే రెండో నిమిషానికే "సరేలే" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాది ఆయిలీ స్కిన్ అని పదో తరగతి నుంచి అంటున్నావు. ఎవరు చెప్పారు? మధ్యాహ్నానికి ముక్కు మెరుస్తుందని నువ్వే తేల్చేసుకున్నావు. ఒకసారి సరిగ్గా చూసుకో. సెలవు రోజు పొద్దున్నే మైల్డ్ ఫేస్‌వాష్‌తో మొహం కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఏమీ రాయకుండా వదిలేయ్. ఏసీ కింద కూర్చోకు. అరగంట నుంచి గంట తర్వాత అద్దంలో చూడు. మొహమంతా మెరుస్తుంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మెరిసి బుగ్గలు మామూలుగానో పొడిగానో ఉంటే కాంబినేషన్. నవ్వితే చర్మం లాగినట్టు, గరుకుగా ఉంటే పొడి చర్మం. ఏ ఇబ్బందీ లేకపోతే నార్మల్, అలాంటివాళ్ళు అదృష్టవంతులు. సెన్సిటివ్ అన్నది వీటి పక్కన ఐదోది కాదు. ఏది రాసినా మండటం, ఎర్రబడటం జిడ్డు చర్మానికీ ఉండొచ్చు, పొడి చర్మానికీ ఉండొచ్చు.

ఇదేమీ రక్తం గ్రూపులా జీవితాంతం ఉండేది కాదు. వయసుతో మారుతుంది, చలికాలంలో ఒకలా ఎండాకాలంలో ఇంకోలా ఉంటుంది. అందుకని ఆర్నెల్లకోసారి ఈ అరగంట పరీక్ష మళ్ళీ చేసుకో.

నీ విషయంలో నాకొక అనుమానం ఉంది. కడగ్గానే మొహం బిగుసుకుపోతుందంటావు, మధ్యాహ్నానికి జిడ్డు కారుతుందంటావు. రెండూ ఒకే మొహం మీద ఎలా? ఎలాగంటే నూనె వేరు, నీరు వేరు. నూనె బాగానే ఊరుతున్నా చర్మంలో తేమ తగ్గిపోవచ్చు. రోజుకి ఐదుసార్లు కడుగుతూ, పైన స్క్రబ్ కూడా పెడితే తేమ ఎలా నిలుస్తుంది? చర్మం పై పొర ఇటుక గోడలాంటిది. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సిరమైడ్లు (చర్మంలోనే ఉండే ఒక రకం కొవ్వు), కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంచుతాయి. లోపలి నీటిని బయటికి పోనివ్వకుండా ఆపేది ఆ సున్నమే. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, అంటే కాస్త ఆమ్ల గుణం. మామూలు ఒంటి సబ్బుది 9 నుంచి 10. అలాంటి సబ్బుతో తోమిన ప్రతిసారీ జిడ్డుతో పాటు ఆ సున్నం కూడా కొంత కరిగిపోతుంది. ఎక్కువ కడిగితే నూనె ఇంకా ఎక్కువ ఊరుతుందని కొందరంటారు, అదీ నిజం కాదు. నూనె గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి, నీ ఫేస్‌వాష్ మాట కాదు. నీ వయసులో ఆ హార్మోన్లు ఉరకలేస్తుంటాయి. నువ్వు మురికిగా ఉన్నందుకు వచ్చిన మొటిమలు కావివి. నీ తప్పేం లేదు.

కాబట్టి ఆ తెల్ల ట్యూబు తప్ప మిగతా పదీ ఒక పెట్టెలో సర్ది మంచం కిందకి తోసేయ్. నెలరోజులు మూడే మూడు: ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. నెల ఎందుకంటే చర్మం పై పొర కొత్తదవడానికి దాదాపు అంత పడుతుంది. మూడు రోజులు రాసి "పని చెయ్యట్లేదు" అని మార్చేస్తూ పోతే దేనికీ సమయం ఇచ్చినట్టు కాదు.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి కడుగు. ఆడి చెమట పట్టి వచ్చిన రోజు ఇంకోసారి. గోరువెచ్చని నీళ్ళు చాలు. కడిగాక కరకరలాడేంత శుభ్రంగా అనిపించాలని నీకు ఇష్టం, తెలుసు. అలా అనిపించిందంటే ఫేస్‌వాష్ నీకు ఎక్కువైందని అర్థం.

మాయిశ్చరైజర్ అనగానే మొహం చిట్లిస్తావు. జిడ్డు మీద జిడ్డేంటమ్మా అని. నీకు కావలసింది పల్చటి జెల్ లాంటిది. గ్లిజరిన్‌గానీ హయాలురోనిక్ యాసిడ్‌గానీ ఉన్నది చూసుకో, అవి తేమని పట్టి ఉంచుతాయి. డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్ అని ఉంటే రంధ్రాలు పూడ్చదని చెప్తున్నారన్నమాట. పూర్తి హామీ కాదుగానీ ఎంచుకునేటప్పుడు ఒక ఆనవాలు. చెల్లి సంగతి వేరు, దానిది పొడి చర్మం. కిందటిసారి నువ్వు వదిలేసి వెళ్ళిన, జిడ్డు తీసే సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ వారం వాడి బుగ్గల మీద పొట్టు లేపుకుంది. దానికి సిరమైడ్లున్న చిక్కటి క్రీమ్, కడిగిన తడి ఇంకా ఆరకముందే రాసుకోమన్నాను. మరీ లాగిన చోట రాత్రిపూట కాస్త పెట్రోలియం జెల్లీ. ఇప్పుడు బాగుంది. అదే జెల్లీ నీ నుదుటి మీద రాస్తే నువ్వు నన్ను తిడతావు.

సన్‌స్క్రీన్ మాత్రం అందరికీ. నీకు మరీ అవసరం, ఎందుకంటే చామనఛాయ వాళ్ళకి మొటిమ వారంలో పోయినా మచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ ఆ మచ్చని ఇంకా నల్లబరుస్తుంది. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అనే అంకె 30 అయితే, చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలని 97 శాతం వరకు ఆపుతుంది, 50 అయితే 98. చూశావా, తేడా ఒక్క శాతం. అంకె కోసం కొట్టుకోకు, రాసే మోతాదు చూసుకో. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరిపోతుంది. నువ్వు రాసే చుక్కకి డబ్బా మీద అంకె ఎంతున్నా దండగే. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉండాలి, అంటే యూవీబీతో పాటు యూవీఏ అనే ఇంకో రకం ఎండ కిరణాలనీ ఆపేదన్నమాట. ఆ యూవీఏ కిరణాలు కిటికీ అద్దం లోంచి కూడా వస్తాయి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి.

నెల తర్వాత, చర్మం మంట లేకుండా కుదుటపడితే, మొటిమల కోసం ఒక్క మందు కలుపు. ఒక్కటే. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చాలు, ఎక్కువ శాతమున్నది తెచ్చుకుంటే మంట పెరుగుతుందే తప్ప మొటిమలు అంత తేడాగా తగ్గవు. తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడు, రంగు బట్టల మీద తగిలితే వెలిసిపోతాయి. లేదా డాక్టర్ని అడిగి అడాపలీన్ 0.1 శాతం రాత్రిపూట. అది మొటిమ మీద చుక్క పెట్టేది కాదు, బఠానీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి, మొదట్లో రోజు విడిచి రోజు. మొదటి వారాల్లో చర్మం పొడిబారి, మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపించవచ్చు. తేడా కనపడటానికి 8 నుంచి 12 వారాలు. నీ ఓపిక నాకు తెలుసు కాబట్టే అంకెతో సహా రాశాను.

ఏది కొత్తగా తెచ్చినా ముందు మోచేతి లోపలి వైపు వారం పది రోజులు రాసి చూడు. ఆ మూడు సీరమ్‌లలో నియాసినమైడ్ (ఒక రకం బి విటమిన్) ఉన్నది దాచుకో, తర్వాత పనికొస్తుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్ లాంటి చిట్కాలు ఎవరు చెప్పినా విని ఊరుకో. షేవింగ్ వెంట్రుకలు వాలిన వైపే చేసుకో, మొటిమ మీద బ్లేడు లాగకు.

నుదుటి మీద ఉన్నవి అన్నీ ఒకే సైజులో సన్నగా ఉండి దురద పెడుతున్నాయా? అలా అయితే అవి అసలు మొటిమలు కాకపోవచ్చు. వెంట్రుక కుదుళ్ళలో ఈస్ట్ పెరిగినా అలాగే వస్తాయి, వాటికి మందు వేరు. లోపల గడ్డల్లా నొప్పి పెట్టేవి ఉన్నా, గుంటలు పడుతున్నా పన్నెండు వారాలు ఆగక్కర్లేదు, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. డబ్బు గురించి ఆలోచించకు.

ఇప్పుడు ఆ తెల్ల ట్యూబు.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు బుగ్గల మీద మచ్చలుండేవి. తెలిసినావిడ ఒకరు ఇలాంటి ట్యూబే తెచ్చిచ్చింది, పెళ్ళిచూపుల లోపు తేలిపోతాయంది. వారంలో తేలిపోయాయి! మొహం నున్నగా, తెల్లగా అయింది. మా అమ్మ దిష్టి కూడా తీసింది. నాలుగు నెలలు వదలకుండా రాశాను. ఒకసారి ఊరెళ్తూ మర్చిపోయి రెండు రోజులు రాయలేదు, మొహం నిప్పులు పోసినట్టయింది. ఎర్రగా కంది, సన్నటి పొక్కులు లేచాయి. రాస్తే తగ్గేది, ఆపితే మళ్ళీ మండేది. బుగ్గల మీద నూగు పెరిగింది, ఎండలోకి వెళ్ళలేకపోయేదాన్ని. చివరికి డాక్టరు ట్యూబు వెనక్కి తిప్పి చూసి ఒక్క మాట చదివారు, బీటామెథాసోన్. స్టెరాయిడ్. ఎగ్జిమా లాంటివాటికి డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందే. మొహం మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. నాది మామూలుగా అవడానికి ఏడాది దాటింది. మా పెళ్ళి ఫొటోల్లో నేనెందుకు అన్నిటిలోనూ తల దించుకుని ఉంటానో నువ్వు చిన్నప్పుడు అడిగేవాడివి. సిగ్గు కాదు నాన్నా.

ట్యూబు తిప్పి చూడు. బీటామెథాసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. అసలు ఏ వివరమూ రాసి లేకపోతే ఇంకా భయం, తెల్లబరుస్తామనే కొన్ని క్రీముల్లో పాదరసం కూడా దొరికింది, అది కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాలు దాటి రాస్తూ ఉంటే మాత్రం నీ అంతట నువ్వు టక్కున ఆపకు. ట్యూబు జేబులో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఎన్నాళ్ళుగా రాస్తున్నావో దాచకుండా చెప్పు. ఎవరిచ్చారని నేను అడగను.

మిగతా పది సీసాల గురించి తర్వాత తీరిగ్గా గొడవపడదాం. ఇది చదవగానే ఆ ట్యూబు వెనక వైపు ఫొటో తీసి పంపు. అక్షరాలు కనపడేలా, లైటు వేసి.

అమ్మ