బండి ఆగితే చాలు, ఎథనాల్ అంటున్నారు

సంపాదకులకు నమస్కారం.

ఈ20 పెట్రోలుతో, అంటే ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలుతో, పాత బండ్లు పాడవుతున్నాయని మీకు వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. నా కారు కూడా ఆ లెక్కలో కలిసిపోయేదే, కొద్దిలో తప్పింది. నాది సూర్యాపేటలో వ్యవసాయ మోటార్ల రివైండింగ్ షాపు. కారు 2011 మోడల్ పెట్రోలుది, రెండేళ్ల కింద లక్షా ముప్పై అయిదు వేలకు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను.

మొన్న మేలో మా ఆవిడా నేనూ హైదరాబాద్ నుంచి వస్తుంటే నార్కట్‌పల్లి దాటాక నడుస్తూ నడుస్తూనే ఆరిపోయింది. దగ్గలేదు, గుంజలేదు, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగింది. తాళం తిప్పితే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. మిట్టమధ్యాహ్నం, మా ఆవిడ మొహం చూడాలంటే టెన్షన్. అరగంట చెట్టు కింద కూర్చుని మళ్లీ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది!

ఆ తర్వాత ముగ్గురు మెకానిక్‌ల దగ్గరికి తిరిగాను. మొదటాయన బ్యాటరీ మార్చాడు, 4,200. సెల్ఫ్‌ను అంత జోరుగా తిప్పుతున్న బ్యాటరీని మార్చడమేమిటని నాకు అప్పుడే తట్టాలి, తట్టలేదు. రెండో ఆయన ప్లగ్గులు ఊడదీసి చూసి కరెంటు రావట్లేదని ప్లగ్గులూ కాయిలూ కలిపి 3,100 తీసుకున్నాడు. మూడో ఆయన పెట్రోలు అందడం లేదని తేల్చి, ఇదంతా ఎథనాల్ పుణ్యమే, ట్యాంకులో నీళ్లు చేరి పంపు పోయిందని ట్యాంకు దించి పంపు మార్చాడు. 5,600. వారం తిరక్కముందే విజయవాడ పోతుంటే కోదాడ దగ్గర మళ్లీ ఆగింది.

అక్కడ దొరికిన ముసలాయన పానా ముట్టుకోలేదు. "వేడి మీదనే ఆగుతదా సారూ? చల్లబడితే లేస్తదా?" అని అడిగాడు. అంతకుముందు ముగ్గురిలో ఒక్కరూ ఈ మాట అడగలేదు. తర్వాత నన్ను సెల్ఫ్ కొట్టమని కిటికీలోంచి మీటరు చూస్తూ నిలబడ్డాడు. "ముల్లు చూడు, సున్నా మీదికెల్లి లేస్తలేదు." నిజమే, సెల్ఫ్ ఇంజిన్‌ను తిప్పుతుంటే ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదలాలి. గేర్‌బాక్స్ పక్కన బొటనవేలంత ఉన్న క్రాంక్ సెన్సర్ మీద తడిగుడ్డ వేసి సీసాలో నీళ్లు కొద్దికొద్దిగా పోశాడు. పది నిమిషాలకు బండి లేచింది. కొత్త సెన్సర్ 1,100, కూలి 300.

ఆ సెన్సర్ ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రం పళ్లను లెక్కపెట్టి కారు కంప్యూటర్‌కు చెబుతుంది. లెక్క అందకపోతే ఇంజిన్ తిరగడం లేదనుకుని కంప్యూటర్ ప్లగ్గులకు కరెంటూ ఆపేస్తుంది, పంపునూ ఆపేస్తుంది. అంటే రెండో ఆయన చూసిందీ నిజమే, మూడో ఆయన చూసిందీ నిజమే. రెండూ ఒకేసారి ఎందుకు ఆగాయని ఒక్కరూ వెనక్కి వెళ్లి వెతకలేదు. ఇక సిగ్గుపడాల్సిన సంగతి, ఆ సెన్సర్ లోపల ఉన్నది కూడా వైండింగే. వెంట్రుక కంటే సన్నటి తీగ, వేడికి సాగి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. ఇలా వేడెక్కితే ఓపెన్ అయ్యే వైండింగులు నా షాపుకు వస్తూనే ఉంటాయి. మోటారు కాలిపోయిందని రైతు తెస్తే నేను విప్పకముందే మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టి చూస్తాను, కెపాసిటరో కేబుల్ జాయింటో అయితే అదే చేసి పంపేస్తాను. నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో.

ఈ20ని వెనకేసుకురావడం లేదు. నా బండికీ మైలేజీ తగ్గింది. పాత బండ్లలో కొన్నిటికి రబ్బరు భాగాలూ గ్యాస్కెట్లూ మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. కానీ అదే ట్యాంకు, అదే పెట్రోలు, అరగంట ఆగితే ఎలా స్టార్టయింది? ఎథనాల్ అన్నాయనను ఈ ఒక్క ప్రశ్న అడిగుంటే నాకు 5,600 మిగిలేవి.

ముగ్గురిలో ఒక్కరూ బిల్లు ఇవ్వలేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నేనూ అడగలేదు, నా షాపులో నేనూ అడిగితేనే రాసిస్తాను, అది వేరే సంగతి.

మీ ఆటో పేజీలో ఎప్పుడు చూసినా 20 లక్షల కొత్త కార్ల ఫొటోలే. మాలాంటి వాళ్లం నడిపేవి పదేళ్లు దాటినవి. సెల్ఫ్ అసలు తిరక్కపోతే ఎక్కడ చూడాలి, తిరిగి ఇంజిన్ అందుకోకపోతే ఎక్కడ చూడాలి, తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద రెండు సెకన్లు పంపు గుయ్‌మంటోందో లేదో ఎలా వినాలి, ఇలాంటివి వారానికి నాలుగు ముక్కలు వేస్తే చదువుతాం.

పాడైందని తీసేసిన పంపును అడిగి తెచ్చుకున్నాను. రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, నా బల్ల మీద పెట్టి ఒక్క సెకను 12 వోల్టులు ఇచ్చాను. తిరిగింది.

- ఒక రివైండింగ్ షాపు యజమాని, సూర్యాపేట