జంట జలాశయాల్లోకి చేరుతున్న మన్ను గురించి నీటిపారుదల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర నీటిపారుదల శాఖ మంత్రి గారికి,

నమస్కరించి రాయునది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిండి గేట్లు ఎత్తిన ప్రతిసారీ హైదరాబాద్ సంబరపడుతుంది. ఆ నీటితో పాటు లోపలికి వచ్చి, తిరిగి బయటకు పోకుండా అడుగున కూర్చునే మన్నును తమ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

గత వానాకాలంలో ఒక పెద్ద వాన వెలిసిన మరునాడు, ఉస్మాన్‌సాగర్ ఎగువన శంకర్‌పల్లి వైపు ఒక వాగు దగ్గర ఆగాను. పక్కనున్న చెలకను ప్లాట్ల కోసం చదును చేసి, పైమట్టిని గీకి వాగు ఒడ్డునే కుప్పలు పోశారు. రాత్రి వానకు ఆ కుప్పలు సగం కరిగిపోయి, వాగు ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా పారుతోంది. ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. ఇసుక నిమిషాల్లోనే అడుగుకు దిగింది. తెల్లవారేసరికి దాని మీద వేలి మందాన ఒండ్రు పేరుకుంది. పైన మిగిలిన నీరు మాత్రం మూడో రోజుకు కూడా తేటపడలేదు.

జలాశయంలో జరిగేదీ ఇదే. ప్రవాహం నెమ్మదించే మొదటి చోటనే ఇసుక మేట వేస్తుంది, సన్నని బంకమన్ను కట్ట దాకా వెళ్లి తూముల దగ్గర దిగుతుంది. పూడికంతా అట్టడుగున ఎలాగూ వాడని నిల్వలోకే పోతుందనుకోవడం అందుకే పొరపాటు. మనం తాగే నీటి చోటును కూడా అది తినేస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో మన ప్రాజెక్టులే చెబుతున్నాయి. 112 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన శ్రీరాంసాగర్‌ను ఇప్పుడు 80.5 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. తగ్గిన ఆ 31.5 టీఎంసీలు మన జంట జలాశయాల మొత్తం నిల్వకు నాలుగు రెట్లు దాటుతాయి. 1931లో దాదాపు 30 టీఎంసీలతో పూర్తయిన నిజాంసాగర్, నీటిమట్టం పెంచిన తర్వాత కూడా 17.8 టీఎంసీల దగ్గరే ఉంది.

పైగా మన జంట జలాశయాలు తాగునీటి కోసమే పుట్టినవి కావు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని మింగిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో, మళ్లీ అలాంటి విపత్తు రాకుండా కట్టినవి. వాటిలో మన్ను చేరినంత మేరకు వరదను ఆపుకునే చోటు కూడా తగ్గుతుంది. ఈ జలాశయాల చుట్టూ నిర్మాణాలను కట్టడి చేస్తూ వచ్చిన 1996 నాటి 111 జీవో గురించి ఇన్నేళ్లుగా జరిగిన వాదనలు చాలావరకు మురుగునీరు, భూముల ధరల చుట్టూనే తిరిగాయి గానీ, తవ్విన నేల నుంచి వానకు కొట్టుకొచ్చే మట్టి గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

పూడిక తీయిస్తే సరిపోతుంది కదా అని అనిపించవచ్చు. మిషన్ కాకతీయలో ఊరి చెరువుల ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు, అది మంచి పని, మన పెద్దలు ఎప్పటి నుంచో చేసిన పని. కానీ ఒక్క టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో అంత మట్టిని తరలించాలంటే 28 లక్షల ట్రిప్పులు కావాలి. కాబట్టి పని ఎగువనే, మన్ను కదిలే చోటనే మొదలుకావాలి. తీసిన పూడికకు కొలతలు, బిల్లులు ఉంటాయి గానీ, కదలకుండా నిలిచిన మట్టికి, బిల్లుల కోసం పనుల కొలతలు రాసే ఎం బుక్‌లో చోటు లేకపోవడం వల్లనే ఈ పని వెనకబడుతోందని నా నమ్మకం.

అనంతగిరి నుంచి దిగే మూసీ, ఈసీ వాగుల పొడవునా వాలుకు అడ్డంగా గట్లు, కందకాలు వేయించి, ఒడ్డున గడ్డిపట్టీ పెంచవలసిందిగా కోరుతున్నాను. పరీవాహక ప్రాంతంలో లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడు, తవ్విన మట్టిని వానలకు ముందే కప్పాలనీ, ఒండ్రు దిగే గుంటలు తవ్విన తర్వాతే నీటిని వాగులోకి వదలాలనీ షరతు పెట్టేలా మున్సిపల్ శాఖతో మాట్లాడండి. అన్నిటికంటే ముందు, జలమండలితో కలిసి రెండు జలాశయాల అడుగును కొలిపించి, పాత సామర్థ్యాల పక్కన కొత్త లెక్కలను వచ్చే జూన్‌లోగా ప్రజల ముందు పెట్టించండి.

భవదీయుడు,
హైదరాబాద్ పౌరుడొకరు