వలలు, పడవల మధ్య ఒక ఏడాది: మన ఫొటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని ఎక్కువగా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోనే సాగింది. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ బోట్లు తగలబడ్డాక, కెమెరా పట్టుకుని వెళ్లడానికి మనలో చాలామందికి మనసొప్పలేదు. అందుకే వేట నిషేధం దాకా ఆగాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లవు. వేట లేనప్పుడు ఫొటోలేముంటాయని కొందరన్నారు. వలల ఫొటోలకు మాత్రం అంతకన్నా మంచి కాలం లేదు.

వల బాగుచేసేవాళ్లు ఒక కొసను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకుంటారు. చిరిగిన చోట పాత దారాలు కోసేసి, సూదితో ఒక్కో కన్నూ మళ్లీ అల్లుతారు. కుప్పగా పోసిన నైలాన్ వల ఫొటోలో ముద్దలా పడుతుంది. పొద్దుటి ఎండ వల వెనక నుంచి వచ్చేలా కింద కూర్చుని తీస్తే కన్నులు విడివిడిగా తేలతాయి. ఇది పట్టుబడటానికి మనకు రెండు ఆదివారాలు పట్టింది.

మొదటి రోజే ఒక పెద్దాయన మనల్ని ఆపారు. ఎందరో వచ్చి ఫొటోలు తీసుకుపోతారని, ఒక్కటీ తమ చేతికి రాదని బాధపడ్డారు. ఆయన అన్నది నిజం. ఆనాటి నుంచి అడగకుండా ఎవరి ముఖమూ తీయలేదు. ప్రింట్లు వేయించి జెట్టీకి మనమే తీసుకెళ్లి ఇచ్చాం. బోటు నడిపే సరంగులు తమ ఫొటో కన్నా బోటు ఫొటోనే ఎక్కువగా అడిగారు, అదీ నంబరు స్పష్టంగా కనిపించాలని. కాలిపోయిన తన బోటుకి మంచి ఫొటో ఒక్కటీ లేదని ఒకాయన చెప్పాక, ఎందుకడుగుతున్నారో అర్థమైంది. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఆ ప్రింట్లు ఇవ్వడమే.

కాకినాడ, ఉప్పాడలకు ఒక్కసారే వెళ్లగలిగాం. ఉప్పాడలో ఒడ్డు కోతకు గురవుతోంది కాబట్టి అక్కడ తీసిన ప్రతి ఫొటోకీ తేదీ, చోటు తప్పకుండా రాసి పెట్టండి.

ప్రింట్ల ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగింది. ఇంకా కొన్ని కవర్లు ఆఫీసులోనే ఉన్నాయి. వచ్చే నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి వెళ్లేలోపు అవి చేరాలి. జెట్టీకి వచ్చి పంచగలిగినవాళ్లు పేరివ్వండి.

— కార్యదర్శి