సీనియర్ డిఫెండర్ విషయంలో నాన్చుడు తగదు

సంపాదకులకు,

ఫుట్‌బాల్‌లో ఏళ్ల తరబడి జట్టుకు అండగా నిలిచిన డిఫెండర్‌ వేగం తగ్గిపోయినప్పుడు క్లబ్ ఏం చేయాలన్న ప్రశ్న ఏటా ఏదో ఒక జట్టు ముందు నిలుస్తూనే ఉంటుంది. అంత సేవ చేసినవాడిని ఆడినన్నాళ్లు ఆడనివ్వాలని ఒక వర్గం, ముప్పై అయిదు దాటినవాడిని ఉంచుకోవడం దండగని మరో వర్గం వాదించుకోవడం పరిపాటి అయింది. ఉంచాలా, పంపాలా అన్నది రెండో ప్రశ్న. రాబోయే సీజన్‌లో జట్టు ఏ తీరులో ఆడబోతోంది, ఆ ఆటలో అతను చేయగలిగిన పని ఎంత మిగిలి ఉంది అన్నవి ముందుగా తేలాలి. తేలిన వెంటనే ఆ సంగతి అతనికి ముఖాముఖి చెప్పాలి. ఇలాంటి వ్యవహారాల్లో జట్లు నష్టపోతున్నది ఆటగాడి వయసు వల్ల కన్నా క్లబ్ యాజమాన్యాల నాన్చుడు వల్లనే ఎక్కువని నా నమ్మకం.

ఫార్వర్డ్ సత్తా తగ్గితే గోల్స్ తగ్గుతాయి, అందరికీ వెంటనే తెలిసిపోతుంది. డిఫెండర్ సత్తా తగ్గడం మాత్రం మొదట అతని ఆటలో కాక పక్కవాళ్ల ఆటలో బయటపడుతుంది. తన వెనక ఖాళీలో బంతి పడితే పరుగెత్తి అందుకోలేనని అతనికి అందరికన్నా ముందే తెలుసు కాబట్టి, ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ బంతితో తల ఎత్తీ ఎత్తకముందే అతను రెండడుగులు వెనక్కి జరుగుతాడు. ఆఫ్‌సైడ్‌ను, అంటే బంతి పంపే క్షణానికే ప్రత్యర్థి ఫార్వర్డ్ డిఫెన్స్‌ను దాటి నిలబడ్డాడా అన్నదాన్ని, తేల్చడంలో గోల్ లైన్ వైపు నుంచి రెండోవాడిగా ఉన్న డిఫెండర్ స్థానం కీలకం. మొదటివాడు సాధారణంగా గోల్‌కీపరే కనుక, అందరికన్నా వెనక నిలబడ్డ ఈ సీనియరే ఆ గీత ఎక్కడ ఉండాలో నిర్ణయించినవాడవుతాడు. అతనితో పాటు వెనక వరుసలోని తక్కిన ముగ్గురూ వెనక్కి జరగక తప్పదు. అప్పుడు డిఫెన్స్‌కూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య తెరుచుకున్న జాగాలో ప్రత్యర్థి తీరిగ్గా బంతి అందుకుని గోల్ వైపు తిరుగుతాడు. మర్నాటి విశ్లేషణల్లో ఆ జాగాను కాపాడలేకపోయాడని నింద పడేది ఇరవై రెండేళ్ల మిడ్‌ఫీల్డర్ మీద! ఒకటికి రెండుసార్లు వీడియో చూస్తే తప్ప ఆ రెండడుగుల సంగతి ఎవరి కంటా పడదు. ఒంటిని తిప్పి పరుగు అందుకోవడంలో ఆలస్యం, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి చొక్కా పట్టి లాగడం, అందుకు పడే పసుపు కార్డులు ఆ తర్వాతి దశలో వస్తాయి. అప్పటికే ఆలస్యమైపోతుంది.

అయితే ఇదే ఆటగాడు మరో అమరికలో ఇంకా అక్కరకు వస్తాడు. దీనికి బ్రెజిల్ డిఫెండర్ థియాగో సిల్వా కన్నా మంచి ఉదాహరణ లేదు. 2020 ఆగస్టులో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ అతన్ని తీసుకునే నాటికి అతనికి 36 ఏళ్లు నిండబోతున్నాయి. సెప్టెంబరులో వెస్ట్ బ్రోమ్‌తో జరిగిన తన తొలి ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో, మైదానం సగం గీత దరిదాపుల్లో చివరి మనిషిగా నిలబడి, తన వైపు వచ్చిన బంతిని పాదం కింద నుంచి జారవిడిచాడు. కాలమ్ రాబిన్సన్ దాన్ని అందుకుని ఒంటరిగా వెళ్లి గోల్ చేశాడు. చెల్సీ మూడు గోల్స్ వెనకబడి, చివరకు 3–3తో బయటపడింది. ఆ ఒక్క దృశ్యం చూసి ఇతని పని అయిపోయిందన్నవారు చాలామందే ఉన్నారు. 2021 జనవరిలో కోచ్‌గా వచ్చిన థామస్ టుకెల్ వెనక ముగ్గురు డిఫెండర్లను నిలిపి, సిల్వాను నడుమ ఉంచాడు. పక్క ఖాళీల్లోకి పరుగెత్తే భారం ఆంటోనియో రూడిగర్ వంటి వేగవంతుల మీద పడింది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో, పక్కవాడిని ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవడం సిల్వా వంతయింది. ఆ మే నెలలోనే చెల్సీ ఐరోపా క్లబ్‌ల అత్యున్నత పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఫైనల్లో అతను గాయంతో మొదటి సగంలోనే బయటికి వెళ్లవలసి వచ్చిన మాట కూడా చెప్పుకోవాలి, ఆ వయసులో శరీరంతో ఆ బెడద తప్పదు. క్లబ్ మాత్రం ఏడాదికి ఏడాది చొప్పున ఒప్పందం పొడిగిస్తూ 2024 వరకు అతన్ని ఉంచుకుంది. కొన్ని నెలల తేడాతో మారింది మనిషి కాదు, అతని చుట్టూ ఉన్న అమరిక.

ఇటలీ డిఫెండర్ పావ్లో మాల్దీని ఎడమ అంచు నుంచి నడుమకు మారి, 38 ఏళ్ల వయసులో 2007 ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. పోర్చుగల్ డిఫెండర్ పెపె 41వ ఏట 2024 యూరో కప్ క్వార్టర్ ఫైనల్ ఆడాడు. వీళ్లు అసాధారణులని తెలుసు, ప్రతి సీనియర్ వీళ్లలా ఆడతాడని నేను అనడం లేదు. కానీ పుట్టిన తేదీ ఒక్కటే చూసి తీర్పు చెప్పేవారు వీళ్ల గురించి కూడా ఒకసారి ఆలోచించాలి.

కాబట్టి కోచ్ చేయవలసింది ముందుగా తన ఆటను తాను నిర్ణయించుకోవడం. డిఫెన్స్‌ను సగం గీత దాకా తెచ్చి, ప్రత్యర్థిని అతని సగంలోనే ఒత్తిడి పెట్టి ఆడాలనుకుంటే ఆ సీనియర్‌ను మొదటి పదకొండు మందిలో ఉంచకూడదు, అతను ఎంత గొప్పవాడైనా సరే. అక్కడ జాలి చూపిస్తే పది మంది ముందరి కాళ్లకు బంధం వేసినట్టే. గోల్‌కు దగ్గరగా గుమికూడి కాపాడుకునే మ్యాచ్‌లకు, గాలిలో వచ్చే బంతులు ఎక్కువగా ఉండే మ్యాచ్‌లకు, ఆధిక్యాన్ని నిలబెట్టుకోవలసిన చివరి ఇరవై నిమిషాలకు అతన్ని దాచుకోవాలి. అయిదుగురు సబ్‌స్టిట్యూట్లను దింపే వెసులుబాటు 2022లో నిబంధనల్లో శాశ్వతంగా చేరింది కనుక, ఇదివరకటిలా దీనికోసం మరో మార్పును వదులుకోనక్కర్లేదు. మూడు రోజుల తేడాతో రెండు మ్యాచ్‌లు వచ్చినప్పుడు రెండింటిలోనూ అతన్ని ఆడించకూడదన్నది మాత్రం మినహాయింపు లేని నియమంగా పెట్టుకోవాలి. ఆ రెండో మ్యాచ్‌లో అతని స్థానంలోకి వచ్చే కుర్రవాడే రేపటి వారసుడు. పెద్దాయన గాయపడినప్పుడు హడావుడిగా దింపడం కన్నా ముందే తెలిసిన తేదీన దింపితే ఆ కుర్రవాడికి కుదురుకునే వీలుంటుంది.

ఇక ఒప్పందం సంగతి. 1995లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్‌మన్ తీర్పు తర్వాత గడువు ముగిసిన ఆటగాడు తన క్లబ్‌కు పైసా రాకుండానే మరో చోటికి వెళ్లవచ్చు. చివరి ఆరు నెలల్లో ఇతర క్లబ్‌లతో మాట్లాడుకునే స్వేచ్ఛ కూడా అతనికి ఉంది. అంటే క్లబ్ తన మనసులో మాటను ఆ ఆరు నెలలు మొదలయ్యేలోపే చెప్పాలి. ఒక్క ఏడాదికే పొడిగింపు, తగ్గిన పాత్రకు తగ్గ జీతం, ఇష్టం లేకపోతే వేరే చోటు చూసుకోవడానికి చాలినంత సమయం: ఇవి ఇస్తే ఆటగాడు బాధపడతాడేమో గానీ మోసపోయానని అనుకోడు. 2021లో తన కెప్టెన్ సెర్జియో రామోస్‌కు స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ ఒక్క ఏడాది ఒప్పందం ఇవ్వజూపింది, అతను రెండేళ్లు అడిగాడు. చివరికి తాను దిగివచ్చి సరేనన్నప్పటికి ఆ ప్రతిపాదన గడువు తీరిపోయిందన్నారని అతనే విలేకరుల ముందు చెప్పుకున్నాడు. అతను లేకుండానే మాడ్రిడ్ మరుసటి సీజన్‌లో లీగ్‌నూ ఛాంపియన్స్ లీగ్‌నూ గెలుచుకుంది కాబట్టి ఆట పరంగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అయినా పదహారేళ్లు ఆడిన కెప్టెన్ గడువు తేదీ దగ్గర తడబడి వెళ్లిపోవలసి రావడం ఏ క్లబ్‌కూ శోభనివ్వదు. 2023లో ఇటలీ క్లబ్ యువెంటస్ తన కోసం అయిదు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన డిఫెండర్ లియొనార్డో బొనూచిని జట్టు నుంచి వేరుచేసి విడిగా సాధన చేయించింది. నా దృష్టిలో అది పొమ్మనలేక పొగబెట్టడమే. అలాంటిది చూసిన కుర్ర ఆటగాళ్లు ఆ క్లబ్‌ మాటను రేపు ఎలా నమ్ముతారు?

కెప్టెన్సీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. చేతికి కెప్టెన్ పట్టీ ఉంది కాబట్టి ఆడించక తప్పదనడం చాలా క్లబ్‌లలో వినిపించే సాకు. 2016–17లో డిఫెండర్ జాన్ టెర్రీ చెల్సీకి కెప్టెన్‌గా ఉంటూనే సీజన్‌లో ఎక్కువ భాగం బెంచీ మీద గడిపాడు. కోచ్ ఆంటోనియో కాంటే తనకు కావలసిన ముగ్గురిని వెనక నిలుపుకున్నాడు, ఆ జట్టే లీగ్ గెలిచింది. పాత్ర ఏమిటో ముందే స్పష్టంగా ఉంటే ఆత్మగౌరవానికి భంగం కలగకుండానే ఒక పెద్ద ఆటగాడు పక్కకు జరగగలడని అది చూపించింది.

మీ క్రీడా పుటలో ఇలాంటి ఆటగాడి పొరపాటు వల్ల పడిన గోల్ గురించి రాసేటప్పుడు అతని వయసుతో వాక్యం మొదలుపెట్టడం మానుకోవాలని మనవి. ఆ క్షణంలో డిఫెన్స్ గోల్‌కు ఎంత దూరంలో నిలబడి ఉంది, పక్కన ఉన్నది వేగవంతుడా కాదా, బంతి ఉన్నవాడిపై మిడ్‌ఫీల్డ్ నుంచి ఒత్తిడి ఉందా, అతను అంతకు మూడు రోజుల ముందు కూడా పూర్తి మ్యాచ్ ఆడాడా అన్నవి చెబితే, తప్పు ఆటగాడిదో అతన్ని అక్కడ నిలబెట్టినవారిదో పాఠకులు తామే తేల్చుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని