ఆదివారం నాణేలు తెచ్చేవాళ్లకి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం సభ్యులందరికీ నమస్కారమండి. దయచేసి వెండి రూపాయల్ని చింతపండు పెట్టి తోమకండి! తోమితే తళతళలాడతాయి గాని కొనేవాడు ధర తగ్గించేస్తాడు. గాలిలో గంధకం తగిలి వెండికి మొదట పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు వస్తాయి. ఆ రంగులు ఒకదాంట్లోకి ఒకటి మెల్లిగా కలవాలి. ముద్దగా నీలం ఒక్కటే కనబడితే, ఎవరో కావాలని రంగు తెప్పించారేమోనని నాకైతే అనుమానమే.

1911 ఐదో జార్జి రూపాయిని ఎలా చూడాలని మాస్టారు అడిగారు కదా. రాజుగారి దుస్తుల మీది ఏనుగుని భూతద్దంతో చూడండి. తొండం పొట్టి, అచ్చం పందిలా ఉంటుంది. జనం గోల చేస్తే 1912లో తొండం పెంచారు. ఆ ఏనుగు అరిగి బొడిపైపోతే మంచి గ్రేడు (నాణెం ఎంత బాగుందో చెప్పే స్థాయి) ఆశ వదులుకోవాల్సిందే. అంచు కూడా తడమండి. మనవైపు కాసుల పేరుకి వేసినవి చాలానే ఉంటాయి, కొక్కెం ఊడదీసినా టంకం మచ్చ దొరికిపోతుంది. బరువు 11.66 గ్రాములు, అరుగుదలకి కాస్త తగ్గొచ్చు.

ఇక తప్పు అచ్చులు, అంటే టంకశాలలోనే తప్పుగా ముద్రపడినవి. నాణేన్ని పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకి తిప్పండి, వెనకవైపు బొమ్మ నిటారుగా రావాలి. కొద్దిగా వాలితే మామూలే, తలకిందులైతే చెప్పండి. సుత్తి దెబ్బలు తప్పు అచ్చు కిందకి రావు బాబూ.

ఐదు రూపాయల బిళ్లకి లక్షలిస్తామనే మెసేజీలు ఇక్కడ పెట్టకండి. అలాంటివి మోసమని ఆర్‌బీఐ 2021లోనే హెచ్చరించింది.

తూకం మిషను నేను తెస్తాను. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, పచ్చటి జిగురు పడుతుంది.